వెనక గదిలో జోరీగ

ముందు గది, వాచీల బల్ల దగ్గర
వానలు మొదలైన వారం

ఏమోయ్ బావమరిదీ,

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే అందరూ అంటూ లేరు, నేనొక్కణ్ణే. నేను బాగానే ఉన్నాను. ఈ ఇంట్లో ఉత్తరాలు రాసే పని మీ అక్కది కాబట్టి నా రాతలో లోటుపాట్లు చూసీ చూడనట్టు వదిలెయ్యి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఆవిడ పోయాక నువ్వు చేశావు కదా. నువ్వు "బావా" అన్నావు, నేను "ఆ" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఫోన్లు చెవికి ఆనించుకుని బిల్లు పెంచుకుంటూ కూర్చున్నాం. ఉత్తరమైతే ఆ ఇబ్బంది లేదు.

విషయానికొస్తాను. మీ అక్క పూత పెట్టె పాడైంది. అదే, నువ్వు చేసిచ్చిన జోరీగ. వాచీ కేసులకు నికెల్ పూత వెయ్యడానికి తొట్టిలోకి కరెంటు పంపే ఆ ఇనుప పెట్టె. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలగడం లేదు, ముల్లు కదలడం లేదు, మోత లేదు. ఏదో మాడిన వాసన మాత్రం వెనక గది వదలడం లేదు.

దాన్ని బాగు చేయించాలి. ఆవిడే లేనప్పుడు పెట్టె ఎందుకంటావేమో. తొట్టీ, బల్లా, పెట్టే అన్నీ కలిపి కొనుక్కుంటానని ఒకాయన వచ్చాడు. వానలు తగ్గాక మళ్ళీ వస్తాడు. పెట్టె పనిచేస్తేనే తీసుకుంటాడట.

ఇక్కడి కరెంటు పనివాణ్ణి పిలిపించాను. చుట్టూ తిరిగి చూసి, "దీని మీద పేరు లేదు, నంబరు లేదు, ఎవరు చేశారండీ" అన్నాడు. మా బావమరిది అన్నాను. "అయితే ఆయన్నే అడగండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

కాబట్టి అడుగుతున్నాను. నాకు కరెంటంటే భయమని నీకు తెలుసు. గడియారంలో ఏ చక్రం దేన్ని తిప్పుతోందో కంటికి కనిపిస్తుంది. మీ పనిలో కనిపించేదేదీ కదలదు. అర్థమయ్యేలా రాయి.

మీ బావ


వైండింగ్ షాపు, మేడ మీద గది

బావగారికి,

మీ ఉత్తరం వారం పైగా పోస్టు డబ్బాలోనే ఉండిపోయింది. తప్పు నాదే. అక్క ఉత్తరాలు ఆగిపోయాక ఆ డబ్బా మూత తీయడం మానేశాను. మొన్న పోస్టుమాన్ షాపులోకే వచ్చి, "డబ్బా నిండిపోయింది సార్, ఇంక కాగితం పట్టదు" అంటే వెళ్ళి తీశాను. కరెంటు బిల్లుల మధ్య మీ చేతిరాత కనిపించింది. ఆ ఇంటి నుంచి మీ చేతిరాతతో ఉత్తరం రావడం ఇదే మొదలు. ఏం కబురోనని తెరవడానికి కాసేపు ధైర్యం చాలలేదు.

ఇక పని. ముందు ప్లగ్గు పీకండి. పీకి, కంటికి ఎదురుగా బల్ల మీద పెట్టుకోండి. అది అక్కడ కనిపిస్తున్నంతసేపూ లోపల ఎక్కడ చెయ్యి పెట్టినా మిమ్మల్ని ఏమీ చెయ్యదు. భయపడకండి.

అక్క బల్ల సొరుగులో నేను వదిలేసిన చిన్న మీటరు ఉండాలి. దాని రెండు వైర్ల కొసలూ ఒకదానికొకటి తాకించండి. ముల్లు కుడివైపు చివరిదాకా పడితే మీటరు బతికే ఉంది. ఇక మూడే పరీక్షలు. ప్లగ్గు వైరు ఈ కొస నుంచి ఆ కొసకు చూడండి, ముల్లు పడాలి. ఫ్యూజు చూడండి, ముల్లు పడాలి. మధ్యలో ఇనుప రేకుల దిమ్మ ఉంటుంది, దాని నడుముకు కాగితం చుట్టిన తీగ ఉంటుంది, అదే ట్రాన్స్‌ఫార్మర్. దాన్నుంచి ఒకవైపు రెండు సన్న వైర్లు వస్తాయి, గోడ నుంచి వచ్చే కరెంటు అటు వెళ్తుంది. రెండోవైపు రెండు లావు వైర్లు, తొట్టికి వెళ్ళేది అటు. ఈ నాలుగూ విడదీశాకే చూడండి, లేకపోతే పక్కవాటి లెక్క కూడా కలిసిపోయి మీటరు అబద్ధం చెబుతుంది. లావు వైపు ముల్లు చివరిదాకా పడాలి. సన్న వైపు కొంచెం ముందే ఆగాలి. అసలు కదలకపోతే లోపల తీగ తెగిపోయినట్టు.

తీగ చుట్టు మీది కాగితం ఏ రంగులో ఉందో కూడా రాయండి.

అమ్మేది మీ ఇష్టం. నేనెవర్ని కాదనడానికి. ఆ కొనేవాడు కాస్త శుభ్రంగా పనిచేసే మనిషేనా అని మాత్రం అడగాలనిపించింది. స్టూలు అమ్మకండి. ఒక కాలు పొట్టిది, వాళ్ళకెలాగూ పనికిరాదు. నాకు పంపండి.

మీ బావమరిది


ముందు గది

ఏమోయ్,

నీ హుకుం ప్రకారం ప్లగ్గును బల్ల మీద కూర్చోబెట్టాను. అది నన్ను చూస్తూ, నేను దాన్ని చూస్తూ పని మొదలుపెట్టాం. వాచీల స్క్రూడ్రైవర్లతో నీ పెట్టె విప్పాలంటే సూదితో గడ్డపార పని చెయ్యడమే, ఒకదాని మొన విరిగింది. అయినా విప్పాను. ప్రతి మరనూ అది వచ్చిన వరసలోనే వాచీ మూతల్లో పెట్టాను. మరిచిపోవడం నా పద్ధతి కాదు.

ప్లగ్గు వైరు బాగుంది. ఫ్యూజు బాగానే ఉంది, ముల్లు చివరిదాకా పడింది. లావు వైర్ల వైపు పడింది. సన్న వైర్ల వైపు కదల్లేదు. కొసలు గీకి మళ్ళీ చూశాను, కదల్లేదు. ఎడమ చేత్తో చూశాను, కుడి చేత్తో చూశాను, భూతద్దం పెట్టుకుని కూడా చూశాను. కాగితం నల్లటి గోధుమ రంగు. గోరు తగిలితే పొడి రాలింది. వాసన అక్కడిదే.

తీగ తెగిందన్నమాట. అంత మందమైన ఇనుము మధ్యన కూర్చుని ఉండగా దాన్ని ఎవరు తెంపారోయ్.

స్టూలు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు దాని మీద కూర్చునే ఇదంతా చేశాను. పొట్టి కాలి కింద మీ అక్క పెట్టిన బెండు ముక్క ఇంకా ఉంది.

మీ బావ


వైండింగ్ షాపు

బావగారికి,

ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, ఇంక అనుమానం లేదు. దాన్ని మార్చాల్సిందే. అయితే బజారులో దొరికేదేదో తెచ్చి పెట్టెయ్యకండి. పూత పనికి వోల్టులు తక్కువ, కరెంటు ఎక్కువ. సైజు చూసి కొంటే కేసులన్నీ నల్లబడతాయి. పాతదాన్ని నాకు పంపండి. విప్పి, తీగ మందం కొలిచి, చుట్లు చూసి సరిగ్గా అలాంటిదే చుడతాను. తీసేముందు ఏ వైరు ఎక్కడ ఉండేదో గుర్తుగా రంగుదారాలు కట్టండి.

దాని లెక్క నీ దగ్గర లేదా అని మీరు ఎగతాళి చేస్తారని తెలుసు. లేదు. అది నేను చుట్టిన మొట్టమొదటి ట్రాన్స్‌ఫార్మర్. మా మేస్త్రీ దాన్ని ఆన్ చేసి, విని, "ఇది ట్రాన్స్‌ఫార్మరా, కందిరీగల తుట్టెనా? అవతల పారెయ్" అన్నాడు. ఆ రోజు అక్క నన్ను చూడ్డానికి షాపుకి వచ్చి ఉండకపోతే చెత్తలోకే పోయేది. "నా తొట్టికి ఇది చాలదా?" అని అడిగి చీర కొంగులో మూట కట్టుకుపోయింది. కరెంటు సరిగ్గానే ఇచ్చేది, మోత ఒక్కటే లోపం. రేకులు బిగించడం నాకప్పటికి చేతకాదు.

ఆ తర్వాత మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చానో, వచ్చినప్పుడల్లా సంచిలో ఒక కొత్తది పెట్టుకునే వచ్చాను. మీరేమో "మీ వాడి జోరీగతో నాకు వాచీ టిక్కుమంటోందో లేదో వినపడి చావడం లేదు" అని గుమ్మంలోనే అందుకునేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. మారుద్దామని పెట్టె మీద చెయ్యి వేస్తే అక్క నా చేతి మీద ఒక్కటిచ్చేది. ప్రతిసారీ కొత్తదాన్ని మోసుకుని తిరిగొచ్చేవాణ్ణి.

ఇప్పుడు మార్చే వీలు దొరికింది. దొరికినా సంతోషంగా లేదు.

మీ బావమరిది


ముందు గది
వానలు జోరుగా ఉన్నాయి

ఏమోయ్,

దిమ్మ పంపాను. పార్సిల్ ఆఫీసు గుమాస్తా ఎత్తి చూసి, "ఏముంది సార్ ఇందులో, బంగారమా" అన్నాడు. మా ఆవిడ సామాను అన్నాను. జాగ్రత్తగా దించి రసీదు రాశాడు.

విప్పినవన్నీ దాంతోపాటే పెట్టాను, మరలు, నట్లు, పింగాణీ ఫ్యూజు బిళ్ళ, అన్నీ. ఏది నీకు అవసరమో నాకు తెలియదు.

దుకాణం కబుర్లు అడగలేదు గానీ చెబుతాను. ఈ మధ్య వచ్చేవన్నీ బ్యాటరీ వాచీలు. మూత తీసి, బిళ్ళ మార్చి, మూత వేసి ఇవ్వడమే. దానికి నేనెందుకు, పక్కవీధి పాన్ షాపు వాడు కూడా చేస్తున్నాడు. గోడ మీది గడియారాలకు కీ ఇవ్వడం మానేశాను. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ ఆగిపోయాయి. వచ్చినవాళ్ళు అవి చూసి నన్ను చూసి, తమ వాచీ జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోతున్నారు.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. కొత్తది ఎప్పటికవుతుంది? ఆ కొనేవాడు తొందర పెడుతున్నాడు.

మీ బావ


వైండింగ్ షాపు

బావగారికి,

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఈ ఉత్తరంతోపాటే వస్తుంది. మీరు కట్టిన దారాల రంగులే దీని వైర్లకూ కట్టాను. సన్నవి రెండూ ముందు బిగించండి, తర్వాత లావువి. నాలుగు కాళ్ళ మరలూ గట్టిగా ఆనాలి. తొట్టికి తగిలించకుండానే మొదటిసారి ఆన్ చేసి, కాసేపు ఉంచి, ఆపి, ప్లగ్గు పీకి, చేత్తో ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఆ తర్వాత లావు వైర్ల దగ్గర వోల్టులు చూడండి, ఎంత రావాలో చీటీ అంటించాను.

ఇక్కడిదాకా పని. ఇక నేను అడగాల్సింది ఒకటుంది.

పాతదాన్ని విప్పాను. సాధారణంగా ఇవి ఒక్కచోట చెడతాయి. తడి తగిలో, ఎలుక కొరికో, ఆ ఒక్క చోట మచ్చ పడుతుంది. ఇది అలా లేదు. పై పొర నుంచి అడుగు పొరదాకా ఒకేలా మాడింది. లావు తీగ మీది పూత అప్పడంలా పెళుసుబారింది. ఇది రోజుల తరబడి మోయలేని బరువు మోసి, వేడెక్కి వేడెక్కి, చివరికి సన్న తీగ తెగి ఆగింది. తొట్టి ఎండిపోయి ఏడాది అవుతోంది కదా. వాడని పెట్టె మాడదు బావా. అంత కరెంటు ఎక్కడికి పోయింది?

ఇంకొకటి. మీరు పంపినవాటిలో ఫ్యూజు బిళ్ళ కూడా ఉంది. అందులో ఫ్యూజు తీగ లేదు. వాచీ స్ప్రింగు ముక్క ఉంది. నీలం రంగు ఉక్కు, కొస వంపు కూడా పోలేదు. ప్రపంచంలో ఎవడైనా రాగి తీగ వేస్తాడు, మేకు వేస్తాడు. మెయిన్ స్ప్రింగు తుంచి ఫ్యూజులో పెట్టే మనిషి ఒక్కరే ఉంటారు. అది ఎంత వేడికీ తెగదు. తెగాల్సింది తెగకపోతే కాలాల్సింది ఇల్లు. అదృష్టం బాగుండి ట్రాన్స్‌ఫార్మర్‌తో పోయింది.

కొత్త ఫ్యూజు తీగ పొట్లంలో పంపాను. అది మాత్రమే వెయ్యండి. నా ప్రశ్నకు జవాబు రాయండి.

మీ బావమరిది


ముందు గది

బావమరిదికి,

అందింది. బిగించాను. ఫ్యూజు నువ్వు పంపినదే వేశాను. లైటు వెలుగుతోంది, వోల్టులు చీటీలో ఉన్నట్టే ఉన్నాయి, గోరువెచ్చగానే ఉంది.

కానీ ఇది సరిగ్గా లేదు. తీసి వెనక్కి పంపుతున్నాను. వేరేది చెయ్యి.

స్ప్రింగు సంగతి తర్వాత రాస్తాను.

మీ బావ


వైండింగ్ షాపు

బావగారి సముఖానికి,

తమరు వాపసు పంపిన సరుకు చేరింది. బల్ల మీద పెట్టి మళ్ళీ పరీక్షించాను. వోల్టులు సరిగ్గా ఉన్నాయి. బరువు పెట్టి రోజంతా నడిపించాను, వేడెక్కలేదు. నేను చుట్టినవాటిలో ఇంత మంచిది ఇంకొకటి లేదని నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. అక్క పెట్టెకని ఇతరుల పని పక్కన పడేసి చుట్టాను. సరిగ్గా లేదు అన్న ఒక్క ముక్కతో తిప్పి కొడితే నేనేమనుకోవాలి? ఏం సరిగ్గా లేదో చెప్పండి. తప్పుంటే చెవులు మూసుకోకుండా వింటాను.

నాకు తెలిసింది నేనూ చెబుతాను. కొనేవాడు ఎవడూ లేడు. ఉంటే పెట్టె వెలిగిన రోజే అమ్మేసేవారు. తొట్టికి తగిలించే వైర్ల కొసన ఉన్న రెండు క్లిప్పుల మొనలూ ఒకసారి చూడండి. కరిగి గుంటలు పడ్డాయా లేదా? ఎర్రదాన్నీ నల్లదాన్నీ ఎవరో ఒకదానికొకటి కరిపించారు. పొరపాటున ఒకసారి తగిలితే ఫ్యూజు పోతుంది, అంతటితో సరి. స్ప్రింగు వేసి మరీ కరిపించారంటే అది పొరపాటు కాదు.

ఎందుకు బావా? మీకేమైనా అయితే నాకు కబురు చెప్పేవాళ్ళు కూడా లేరు. అక్క పోయిందని మీరు చెప్పారు. మీ సంగతి ఎవరు చెబుతారు? డబ్బా నిండిపోతే పోస్టుమాన్ చెప్పాలా?

కోపంగా రాశాను. చించేసి మళ్ళీ రాద్దామనుకుని, అలాగే పంపుతున్నాను.

మీ బావమరిది


ముందు గది
వాన వెలిసింది

ఏమోయ్,

కొనేవాడు లేడు. నువ్వు చెప్పింది నిజం. పెట్టె బాగు చెయ్యమని అడగడానికి ఒక కారణం ఉండాలి కదా అని వాణ్ణి పుట్టించాను.

నీ పనిలో తప్పు లేదు. అదే దాని తప్పు. అది మాట్లాడడం లేదు. ఆన్ చేసి ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను, ఏమీ వినపడలేదు. ఆన్ చెయ్యలేదేమోనని వెళ్ళి చూశాను, ఎర్ర లైటు వెలుగుతోంది. పెట్టెకు చెవి ఆనించి విన్నాను. వాచీ వినే చెవి ఇది, దీనికి కూడా ఏమీ అందలేదు. అంత బాగా చేశావు.

మొదటి నుంచి చెబుతాను. నా పని నీకు తెలుసు. కంటికి భూతద్దం, వంచిన తల, ముందు గది. వెనక గదిలో ఆవిడ. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటలుండవు. ఉండాల్సిన పని లేదు, ఆ మోత ఉండేది. తొట్టిలో ఒకటీ అరా కేసులుంటే సన్నగా మూలిగేది. బాగా పని ఉన్న రోజున గొంతు బరువెక్కేది. ఆవిడ ఎన్ని కేసులు వేలాడదీసిందో నేను కుర్చీలోంచి లేవకుండా చెప్పగలను. చెప్పలేదు, తిట్టాను. తిట్టడమే నాకు తెలిసిన పలకరింపు.

మోత ఆగితే మాత్రం ఉండబట్టేది కాదు. లేచి వెళ్ళి, "ఏం, ఆగిపోయింది? చెడిపోయిందా మీ వాడి జోరీగ?" అనేవాణ్ణి. "లేదు, ఆపాను, టీ తాగండి" అని గ్లాసు చేతికిచ్చేది. ఆ పెట్టె ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి అంతే.

ఆవిడ పోయాక ఆ గదిలో అలికిడి లేదు. మోత ఆగినప్పుడు లేచి వెళ్ళడం ఈ కాళ్ళకు అలవాటు. ఇప్పుడు ఎప్పుడూ ఆగే ఉంది కదా, అందుకని ఊరికే లేచి వెళ్తుండేవాణ్ణి. పట్టకారు చేతిలో ఉంటుంది, వాచీ గుండె బల్ల మీద ఉంటుంది, నేను వెనక గది గుమ్మంలో నిలబడి ఉంటాను. ఎందుకొచ్చానో గుర్తొచ్చి వెనక్కి వస్తాను. కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. ఇలా అయితే పని ఎలా సాగుతుందని ఒకరోజు పెట్టె ఆన్ చేశాను. ఖాళీ పెట్టె కదా, సన్నగా మూలిగింది. అది పని లేని రోజు గొంతు. నాకు పని ఉన్న రోజు గొంతు కావాలి. తొట్టి నింపడం నాకు చేతకాదు, ఆ ద్రావణం కలిపే లెక్క నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. క్లిప్పులు రెండూ కరిపిస్తే గొంతు బరువెక్కింది. ఫ్యూజు పోయింది. ఇంకోటి వేశాను, అదీ పోయింది. తెగనిది ఏముందా అని చూస్తే నా బల్ల మీద తెగనిది అదొక్కటే ఉంది.

చాలా రోజులు నడిచింది. పొద్దున వేసి, మధ్యాహ్నం ఆపేవాణ్ణి. ఆ రోజుల్లో చక్కగా పనిచేశాను. తలెత్తకుండా ఒక పాత గోడ గడియారం మొత్తం బాగు చేశాను. వెనకాల మనిషి ఉన్నట్టే ఉండేది. ఇల్లు కాలిపోయేదని అంటున్నావు. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం చేసేవాణ్ణో కూడా తెలియదు.

నా వయసులో ఇలాంటి ఉత్తరం రాయాల్సి రావడం సిగ్గుగా ఉంది. నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను. నీ మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎవరికైనా అమ్ముకో. చెడ్డది చెయ్యగలవా?

మీ బావ


వైండింగ్ షాపు

బావా,

మీ ఉత్తరం షాపులో చదవలేక మేడ మీదికి తెచ్చుకుని చదివాను. కింద ఎవరో మోటారు తెచ్చి పిలుస్తున్నా పలకలేదు.

చెడ్డది చేశాను. ఈ పార్సిల్లో ఉంది. నా చేత్తో తెలిసీ చెడ్డపని చెయ్యడం ఇదే మొదలు. అంత సులువు కాదని తెలిసింది.

ముందు మీకొక సంగతి చెప్పాలి. ఆ మోత తీగది కాదు. తీగ మాడి మసైనా, మోత అంతా రేకులది. సరిగ్గా బిగించని రేకులు కరెంటుకు వణికితే వచ్చే చప్పుడు అది. తీగ పోయింది గానీ రేకులకు ఏమీ కాలేదు. తుడిస్తే మళ్ళీ మెరిశాయి. కాబట్టి కొత్త తీగను ఆ పాత రేకుల మీదే చుట్టాను. తీగ చుట్టును వార్నిష్‌లో ముంచాను, అందులో రాజీ పడలేదు, మీ ప్రాణం దాని మీద ఉంది. రేకులను మాత్రం ముంచలేదు. ఎలా ఉన్నవి అలా పేర్చి, మూల బోల్టు ఒకటి సగం బిగించి వదిలేశాను. బల్ల మీద ఆన్ చేశాను. అదే మోత. మా మేస్త్రీ బతికి ఉంటే బయటికి గెంటేవాడు. నేను కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చుని చాలాసేపు విన్నాను.

ఇంకొకటి. అక్క నన్ను ఎందుకు మార్చనివ్వలేదో ఒకసారి గట్టిగా అడిగాను. నా మొదటి పని అని దాచుకుంటోందేమోనని నా లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. నవ్వి, "నీ మొహం, అదేం కాదురా" అంది. "మీ బావను పిలవాలంటే గొంతు చించుకోవాలి. భూతద్దం పెట్టుకున్నాక ఆయనకు నా కేక వినపడదు. ఇది ఆపితే మాత్రం తనే లేచొస్తాడు, తిట్టడానికి. టీ కాగగానే ఆపేస్తాను. నువ్వు దీన్ని బాగుచేస్తే నేను ఆయన్ని ఎలా పిలవాలి?" అంది. మీకు చెప్పొద్దని మాట తీసుకుంది. తెలిస్తే మీరు పంతానికి రారట. ఆ మాట ఇప్పటిదాకా నిలబెట్టాను.

కాబట్టి బావా, మీరు వెళ్ళింది తిట్టడానికి కాదు. పిలిస్తే వెళ్ళారు, ప్రతి రోజూ.

ఇక షరతులు. ఫ్యూజు అసలుదే. క్లిప్పులు ఎప్పుడూ ఒకదానికొకటి కరిపించకూడదు. గొంతు బరువెక్కాలంటే తొట్టిలో నిజంగా పని వేలాడాలి. ద్రావణం కలిపే లెక్క నాకు తెలుసు, ఆ మందులు ఎక్కడ తెచ్చేదీ తెలుసు, అక్క నా చేతే తెప్పించేది. విడిగా వివరంగా రాసి పెట్టాను, చేతి తొడుగులు కూడా ఉన్నాయి. పొట్లంలో నా పాత వాచీ ఉంది. మీ పెళ్ళిలో మీరు నాకు పెట్టిందే. ఆగిపోయి చాలా కాలమైంది, పూత ఊడి ఇత్తడి బయటపడింది. లోపల పని మీది, పైపని కూడా ఇక మీదే.

మీ బావమరిది


వెనక గది, పూత బల్ల దగ్గర

ఏమోయ్ బావమరిదీ,

ఈ ఉత్తరం మీ అక్క స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. అది నీకు పంపను, ఆశ వదులుకో.

జోరీగ వచ్చింది, ఆన్ చేస్తే అదే గొంతు. నువ్వు అంత నాజూకుగా చెడగొట్టావు గానీ, ఒకపక్క కాస్త ఎక్కువ వదులైంది, పళ్ళు కొరికినట్టు వినపడింది. ప్లగ్గు పీకి ఆ బోల్టు పావు చుట్టు బిగించాను. ఇప్పుడు సరిగ్గా ఉంది. చెవి విషయంలో నాతో పోటీ పడకు.

తొట్టి కడిగాను, నువ్వు రాసినట్టే ఆకుపచ్చ ద్రావణం కలిపాను. మొదటిసారి వేసిన కేసు మసిబొగ్గులా వచ్చింది. రెండోది పొక్కులు లేచింది. నూనె మరకలు సరిగ్గా కడగలేదని తర్వాత అర్థమైంది. నీ కేసు జోలికి అప్పుడే పోలేదు, పాత సామానులో పనికిరానివి ఏరి వాటి మీద చెయ్యి తిప్పుకున్నాను. నిన్న ఒకటి తెల్లగా, నున్నగా వచ్చింది. ధైర్యం వచ్చి ఈ రోజు నీది వేలాడదీశాను. దాంతోపాటు ఇంకొన్ని కూడా వేశాను, మనకు కావాల్సిన గొంతు రావాలి కదా.

నీ వాచీ లోపల స్ప్రింగు విరిగి ఉంది. కొత్తది వేశాను. పాతది ఫ్యూజుకు వాడుకోనులే, నీకే పంపుతాను, దాచుకో.

మీ అక్క పిలుపు సంగతి చదివిన రోజు దుకాణం తెరవలేదు. ఇన్నేళ్ళూ నేను కోపంగా లేచి వెళ్ళాననుకున్నాను. గుమ్మంలో నన్ను చూసి ఆవిడ నవ్వుతుంటే, తిట్లు తినడానికి కూడా నవ్వేనా అనుకునేవాణ్ణి. ఆవిడ లేదన్న బాధ ఒకటుంది. ఆ నవ్వు ఎందుకో అప్పుడే తెలుసుకోలేకపోయానన్న బాధ ఇంకొకటి. రెండూ ఉన్నాయి. ఏదీ తక్కువ కాదు.

ఈ సాయంత్రం ఏమైందో చెబుతాను. నీ కేసు పూత అయింది. టీ కూడా కాగింది. చెయ్యి ఖాళీ లేక ముందు టీ దించి, తర్వాత స్విచ్ ఆపాను. మోత ఆగింది. ఆపినవాణ్ణి నేనే కదా, అయినా తల ఎత్తి ముందు గది తలుపు వైపు చూశాను. ఈ స్టూలు మీద నుంచి చూస్తే ఆ తలుపు ఒక్కటే కనిపిస్తుందోయ్. కుర్చీ కనిపించదు, బల్ల కనిపించదు. ఎవరైనా వస్తే గుమ్మంలోకి వచ్చాకే కనిపిస్తారు. ఆవిడ రోజూ ఇలాగే చూసేదన్నమాట. కాసేపు చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారింది.

నీ వాచీ సిద్ధంగా ఉంది. పోస్టులో పంపను. దారిలో దెబ్బ తింటే నా పేరు పోతుంది. షాపుకి తాళం వేసి నువ్వే రా. వచ్చి ముందు గదిలో నా కుర్చీలో కూర్చో. గోడ గడియారాలకు కీ ఇచ్చేవాళ్ళు లేరు, ఆ పని చూస్తూ ఉండు. నేను ఇక్కడ నా పనిలో ఉంటాను, మాట్లాడను, నువ్వూ మాట్లాడక్కర్లేదు.

జోరీగ ఆగిపోతే మాత్రం లేచి వెనక గదికి రావాలి. తిడుతూ వచ్చినా సరే.

మీ బావ